నిలువుగా ఊపిన తల

"అత్తయ్యా, మిరపకాయలు మాడిపోతున్నాయి!"

వంటింటి కిటికీలోంచి కోడలు జోర్నిత్స మళ్ళీ కేకేసింది. పెరట్లో రేకు పొయ్యి ముందు కూర్చున్న వెలికా ఆ కేక విననట్టే ఉండిపోయింది. చలికాలానికి పచ్చడి పెట్టుకుందామని తెచ్చిన ఎర్ర బుంగమిరపకాయలు పొయ్యి మీద బొగ్గయిపోతున్నాయి. ఆవిడ చూపు మాత్రం గడపలో నిలబడ్డ కొడుకు దోబ్రిన్ మీదే ఉంది.

"ఇంకోసారి పెట్టరా," అంది.

"పొద్దున్నుంచీ అదే చూస్తున్నావమ్మా. ఎన్నిసార్లు చూస్తే మారుతుంది?"

"పెట్టమన్నానా!"

దోబ్రిన్ ఫోను తీసి ఆవిడ ముందు పట్టుకున్నాడు. నిన్న జిల్లా కేంద్రంలో జరిగిన ఎన్నికల సభ అది. పార్లమెంటుకి నిలబడ్డ కాలోయాన్ దెర్వెంతోవ్ కోటు విప్పి భుజాన వేసుకుని, గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"గోర్ని యాసెన్‌లో వెలికా అనే తల్లి ఇంటికి వెళ్ళాను. నిరుడు ఆవిడ భర్త గుండె నొప్పితో విలవిల్లాడుతుంటే అంబులెన్సు రాలేదు. డ్రైవరు తీరిగ్గా కాఫీ తాగి బయల్దేరేసరికి మనిషి దక్కలేదు. నేనా తల్లి చెయ్యి పట్టుకుని, 'మీ ఆయన్ని వాళ్ళు గాలికి వదిలేశారా అమ్మా?' అని అడిగాను. పాపం, నోట మాట రాలేదు. ఇదిగో, ఇలా ఊపింది..."

అంటూ తల అడ్డంగా, అటూ ఇటూ, మెల్లగా ఊపి చూపించాడు. సభంతా ఉసూరుమంది. ముందు వరసలో ఎవరో ఆడమనిషి కళ్ళు కూడా ఒత్తుకుంది.

"ఈ మనిషి మొహం నేనెప్పుడూ చూళ్ళేదు," అంది వెలికా. "నా చెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడట?"

"ఆయన తరఫున ప్రచారం పని చూసే ఫిలిప్ వచ్చాడుగా. సభల్లో అలాగే చెప్తారమ్మా. అందరూ చేసేదే."

"సరే. ఫిలిప్ వచ్చాడు, ఫిలిప్ అడిగాడు. నేనప్పుడు తల ఎలా ఊపాను?"

దోబ్రిన్ ఫోను ఆపేశాడు.

"చెప్పరా. పక్కనే కూర్చున్నావుగా. అడ్డంగా ఊపానా, నిలువుగా ఊపానా?"

"నిలువుగా."

"నిలువుగా ఊపితే అర్థమేంటి?"

అడ్డంగా ఊపితే అవునని, నిలువుగా ఊపితే కాదని బల్గేరియాలో ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసు. ముప్పై ఏళ్ళ దోబ్రిన్‌కి మాత్రం ఆ జవాబు చెప్పడానికి ప్రాణం మీదికొచ్చినట్టయింది.

"కాదని," అన్నాడు చివరికి. "కానీ ఫిలిప్ పుట్టి పెరిగిందంతా వియన్నాలో. అక్కడ నిలువుగా ఊపితే అవునని. అతనికి మన భాష వచ్చుగానీ, తల సంగతి..."

"తల వియన్నాలో పెట్టొచ్చాడా? అయితే ఈ పెద్దాయన తలకేమైంది? ఇక్కడి తలేగా అది!"

"ఆయనకి ఫిలిప్ రాసిచ్చాడమ్మా, అవునంది అని. ఆయన దాన్ని మన పద్ధతిలో ఊపి చూపించాడు."

జోర్నిత్సకి నవ్వాగలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి పక్కకి తప్పుకుంది. వెలికా మాత్రం నవ్వలేదు. పొయ్యి మీది మాడిన కాయలన్నీ పట్టకారుతో తీసి బొచ్చెలో పడేసింది.

ఆ రోజు ఫిలిప్ ముందు ఆవిడకి గొంతు పూడుకుపోయిన మాట నిజమే. భర్త స్తామెన్ పేరెత్తగానే ఏడుపు పొంగుకొచ్చింది. అందుకే నోటితో చెప్పలేక తల ఊపింది. అంతకుముందు మాత్రం చెప్పాల్సిందంతా చక్కగా చెప్పింది. అంబులెన్సు తోలేది మా క్రుమ్మే బాబూ, బంగారంలాంటి మనిషి, రోజూ పొద్దున్నే మా ఆయనతో కూర్చుని కాఫీ తాగేవాడు అంది. ఆ కాఫీయే ఇప్పుడు ఇలా తిరిగొచ్చింది.

"కాఫీ కూడా నా నోట్లోంచే లాక్కున్నారు," అంది వెలికా. "రాత్రి క్రుమ్ ఇంటి మీద రాళ్ళేశారట. తెలుసా నీకు?"

"తెలుసు."

"ఆస్పత్రి వాళ్ళు బండి తాళాలు లాక్కున్నారట. సోమవారం విచారణట. ఊళ్ళో గొడవ ఇలాగే ఉంటే ఉద్యోగం తీసేస్తారట. అదీ తెలుసా?"

జోర్నిత్స పెరట్లోకి వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"అత్తయ్యా, నేను చెప్పేది కాస్త వినండి. ఆదివారం ఓట్లు. శుక్రవారం ఆఖరి సభ మన ఊళ్ళోనే. మిమ్మల్ని వేదిక మీదికి రమ్మని దెర్వెంతోవే స్వయంగా అడిగాడట. ఈ నాలుగు రోజులూ కడుపులో పెట్టుకున్నారంటే, నీళ్ళ ఆఫీసులో ఈయనకి ఉద్యోగం ఖాయం. ఓట్లయ్యాక అందరూ అన్నీ మర్చిపోతారు. క్రుమ్ గారికి అప్పుడు మనమే నచ్చజెబుదాం."

"అప్పటికి ఆయనకి ఉద్యోగం ఉండదే పిల్లా."

"మరి ఈయనకి ఇప్పుడు ఉందా?"

ఆ మాట నిజమే. వెలికా కొడుకు వైపు తిరిగింది.

"ఫిలిప్ తప్పుగా అర్థం చేసుకున్నాడని నీకు ఆ క్షణమే తెలుసు. అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

దోబ్రిన్ ఫోను జేబులో పెట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. కనీసం తలుపు కూడా వేసుకోలేదు.

* * *

క్రుమ్ ఆ ఇంటికి కూమ్. ఇక్కడ కూమ్ అంటే తోడబుట్టినవాడి కంటే ఎక్కువ. పెళ్ళిలో పక్కన నిలబడి కిరీటాలు పట్టేది కూమ్. బిడ్డ పుడితే చేతుల్లోకి తీసుకుని జ్ఞానస్నానం చేయించి పేరు పెట్టేది కూమ్. దోబ్రిన్ అనే పేరు కూడా క్రుమ్ పెట్టిందే. అలాంటివాడితో మాటా మాటా అనుకోవడమే పాపం అనుకునే ఊళ్ళో, ఆయన ఇనప గేటు మీద ఎర్ర రంగుతో 'హంతకుడు' అని రాసి ఉంది.

క్రుమ్ భార్య పెన్కా కిరసనాయిల్లో గుడ్డ ముంచి ఆ అక్షరాల్ని రుద్దుతోంది. చేతిలో బట్ట కప్పిన పళ్ళెంతో వచ్చిన వెలికాని చూసి కూడా చూడనట్టే రుద్దుతూ పోయింది.

"వదినా, జున్ను పెట్టిన బానిత్స రొట్టె చేసి తెచ్చాను. ఇంకా వేడిగానే ఉంది."

"కుక్కకి వెయ్యి."

"వదినా..."

"ఇంకేం మిగిలిందని వచ్చావే తల్లీ? రొట్టెల కొట్లో నన్ను చూసి ఆడాళ్ళు వరస మార్చి నిలబడుతున్నారు. నిన్నటిదాకా నా ఇంట్లో భోంచేసిన వాళ్ళు!"

"నేను కాదన్నాను వదినా. నా బిడ్డ మీద ఒట్టు. నిలువుగా ఊపాను."

"ఊపావు! నోరేమైంది మరి?"

లోపల్నించి క్రుమ్ గొంతు వినబడింది. "లోపలికి రానివ్వు పెన్కా. గేటు దగ్గర గొడవేంటి, పోయిన పరువు చాలదా?"

క్రుమ్ వంటింటి బల్ల దగ్గర అక్రోటుకాయలు పగలగొడుతున్నాడు. పెద్ద చేతుల మనిషి. బండి తాళాలు లేని జేబు తడుముకోవడం ఆయనకింకా అలవాటు తప్పలేదు. వెలికా పళ్ళెం బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పింది.

"అన్నయ్యా, నువ్వు వచ్చావని నాకు తెలుసు. సారా కాచే బట్టీ దగ్గరికి తెల్లారకముందే వచ్చావు. ఆయన ఎక్కనన్నాడు. తన మొండితనం తనదే. ఇదంతా నువ్వెందుకు నలుగురికీ చెప్పవు? ఆస్పత్రి వాళ్ళడిగినా నోరు మెదపలేదట!"

"చెప్పి ఏం చెయ్యాలమ్మా? పోయినవాడి మీద నెట్టి నేను బయటపడనా?"

"ఆయన తప్పు ఆయన మీద వేస్తే నెట్టడం ఎలా అవుతుంది? సాక్ష్యం లేదనుకుంటే, ఆ రోజు నీతో వచ్చిన నర్సు..."

"ఆ పిల్ల జర్మనీలో ఉంది. వదిలెయ్. కూర్చో, నీ బానిత్స నువ్వే ముందు తిను." క్రుమ్ ఇంకో కాయ పగలగొట్టాడు. గింజ నలిగి పిండయిపోయింది.

"ఎవర్నో కాపాడుతున్నావు అన్నయ్యా."

"ఎవర్నీ లేదు."

"అబ్బ, చాల్లే!" పెన్కా చేతిలో గుడ్డ విసిరికొట్టి లోపలికొచ్చింది. "ఎవర్నని అడుగుతున్నావా? నీ ముద్దుల కొడుకుని!"

"పెన్కా!" అని క్రుమ్ లేచాడు.

"నోరు మూసుకుని మూసుకుని గేటు దాకా తెచ్చుకున్నాం, ఇంక మూసుకోను. విను వెలికా. ఈయన బండి ఎక్కమంటే నీ మొగుడు సగం లేచాడు. చొక్కా గుండీలు కూడా పెట్టుకుంటున్నాడట. అప్పుడు నీ దోబ్రిన్ అన్నాడు, 'ఇప్పుడెళ్తే మన వంతు పోతుంది నాన్నా, సారాకి పులియబెట్టిన రేగుపళ్ళన్నీ పాడైపోతాయి. ఈ వాయి దిగాక కార్లో నేనే తీసుకెళ్తాను' అని. నీ మొగుడు మళ్ళీ కూర్చున్నాడు. బలవంతంగా ఎత్తుకుపోవడానికి లేదు కదా, ఈయన వెనక్కి తిరిగాడు. వాయి దిగలేదు, మనిషే పోయాడు."

వెలికా కుర్చీ లాక్కుని కూర్చుంది. బట్టీ దగ్గర ఆ పూట తండ్రీ కొడుకులు తప్ప ఎవరూ లేరని ఆవిడకి తెలుసు. బట్టీవాడు కట్టెలకి వెళ్ళాడు. 'నాన్న వద్దన్నాడమ్మా' అని దోబ్రిన్ చెప్పిన ఒక్క మాటే ఏడాదిగా ఆవిడకి తెలిసిన కథ.

"నా చేతుల్లో ఎత్తుకుని పేరు పెట్టిన పిల్లాడమ్మా," అన్నాడు క్రుమ్. "సొంత తండ్రి అలా పోయాక వాడికి అంతకంటే శిక్ష ఏముంటుంది? ఊరందరి నోళ్ళలో కూడా వాణ్ణి వెయ్యనా? నాకు ఇంకో రెండేళ్ళలో పింఛను. ఇప్పుడు ఉద్యోగం పోతే ఏమైంది?"

"పింఛను కూడా పోతుంది, చెప్పు ఆవిడకి!" అంది పెన్కా.

వెలికా లేచి నిలబడింది.

"శుక్రవారం సభకి రండి. ఇద్దరూ రండి. వెనక నిలబడైనా సరే."

"వెలికా, వద్దమ్మా."

"నా పేరు పెట్టి నిన్ను రాళ్ళతో కొట్టారు అన్నయ్యా. ఆ రాళ్ళు నేనే ఏరాలి."

* * *

సాయంత్రం దోబ్రిన్ ఇంటికొచ్చేసరికి వెలికా మిరపకాయలు వలుస్తోంది. జోర్నిత్స పుట్టింటికి వెళ్ళింది. వెలికా తల ఎత్తకుండానే అడిగింది.

"వంతు పోతుందని నువ్వే అన్నావా?"

కాయల తొక్కలు బొచ్చెలో పడుతున్నాయి. దోబ్రిన్ గోడకి చేరగిలబడి అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తే ఏం? అన్నావా?"

"అన్నాను." అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఫిలిప్ ఆ కథ రాసుకుంటుంటే, అదే నిజమైతే ఎంత బాగుణ్ణో అనిపించిందమ్మా. నాన్నని చంపింది అంబులెన్సేనని అంతమంది చప్పట్లు కొడుతుంటే, నేను కూడా కొట్టాను."

ఆ మాటకి వెలికా చేతిలో కత్తి ఆగింది. కొడుకుని దగ్గరికి తీసుకుని తల నిమరాలనిపించింది. లాగి చెంప మీద కొట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"మీ నాన్న ఎంత మొండివాడో నాకు తెలుసు. నువ్వు అనకపోయినా ఎక్కేవాడు కాదేమో. ఎక్కేవాడేమో కూడా. ఆ లెక్క తేల్చడం నా వల్ల కాదు, నీ వల్లా కాదు. కానీ క్రుమ్ వచ్చాడు. అది మాత్రం నాకు తెలుసు, నేను చెప్తాను."

"నా సంగతి కూడా చెప్తావా?"

వెలికా ఇంకో మిరపకాయ అందుకుంది.

* * *

శుక్రవారం ఊరి మధ్య చౌకులో ఇసకేస్తే రాలనంత జనం. బాకాలూ డోళ్ళూ చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. మాంసం కాలుతున్న పొగలో పిల్లలు పార్టీ జెండాలు పట్టుకుని పరిగెడుతున్నారు. వేదిక పక్కన మైకుల పెట్టె దగ్గర పార్టీ చొక్కా తొడుక్కుని దోబ్రిన్ కూర్చున్నాడు. మీటలు తిప్పే పని అతనిది. జోర్నిత్స పక్కనే నిలబడి ఉంది.

వేదిక వెనక ఫిలిప్ ఒక కాగితం పట్టుకుని వెలికా చుట్టూ తిరుగుతున్నాడు. చక్కటి కుర్రాడు, దురుద్దేశం ఏమీ లేనివాడు. అదే వెలికాకి ఇంకా చిరాకు తెప్పించింది.

"రెండే రెండు వాక్యాలు వెలికా గారూ. 'నా భర్తని కాపాడేవాళ్ళు లేకపోయారు. ఇంకే ఇంట్లోనూ ఇలా జరగకూడదు.' అంతే. ఏడుపొస్తే ఆపుకోకండి."

"ఏడుపు కూడా రాసిచ్చావా నాయనా?"

ఫిలిప్ ఎర్రబడ్డాడు. "అదేం లేదండీ. మాట రాకపోతే ఊరికే తల ఊపినా చాలు."

"అమ్మో, మళ్ళీనా!" అంది వెలికా. మెట్లెక్కింది.

కాలోయాన్ దెర్వెంతోవ్ రెండు చేతులూ చాపి ఎదురొచ్చాడు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నిజంగా పట్టుకోవడం అదే మొదలు. మెత్తటి చెయ్యి, అత్తరు వాసన వేస్తోంది.

"ఇదిగో మన వెలికా తల్లి!" అన్నాడు జనం వైపు తిరిగి. "చెప్పమ్మా. నీ గుండెల్లో ఉన్నది ఊరికి చెప్పు."

వెలికా మైకు అందుకుంది. బరువుగా ఉంది. జనంలో వెనగ్గా, కాఫీ కొట్టు గోడనానుకుని క్రుమ్, పెన్కా కనిపించారు.

"ఈ పెద్దమనిషిని నేను ఇప్పుడే చూడటం," అంది.

అక్కడక్కడా నవ్వులు లేచాయి. దెర్వెంతోవ్ కూడా నవ్వాడు, ఏదో సరసమనుకుని.

"మా ఇంటికి ఈయన రాలేదు. నా చెయ్యి పట్టుకోలేదు. వచ్చిన కుర్రాడు వియన్నావాడు. 'మీ ఆయన్ని వాళ్ళు వదిలేశారా?' అని అడిగాడు. నేను నిలువుగా ఊపాను. వాళ్ళ ఊళ్ళో అది అవునట. మనకేమిటో మీకు తెలుసు."

చౌకులో సవ్వడి మారిపోయింది. ముందు వరసలో ఒక ముసలాయన 'ఓరి దేవుడా' అని పైకే అన్నాడు. దెర్వెంతోవ్ చెయ్యి మైకు కోసం వచ్చింది. వెలికా భుజం అడ్డం పెట్టింది.

"ఆగండి బాబూ. మీరు నా గురించి ఊరూరా మాట్లాడారు. నేను నా గురించి ఒక్క ఊళ్ళో మాట్లాడుకుంటాను."

వేదిక పక్కన ఫిలిప్ దోబ్రిన్ భుజం కుదుపుతున్నాడు. "ఆపెయ్! మైకు ఆపెయ్!" దోబ్రిన్ చెయ్యి మీట మీదే ఉంది. అది కదల్లేదు.

"క్రుమ్ వచ్చాడు," అంది వెలికా. ఆవిడ గొంతు చర్చి గోడకి తగిలి తిరిగొచ్చింది. "తెల్లారకముందే వచ్చాడు. బండి ఎక్కమని బతిమాలాడు. మా ఆయనే ఎక్కలేదు. బట్టీ దగ్గర మా వంతు పోతుందని ఎక్కలేదు. అందులో క్రుమ్ తప్పు ఆవగింజంత లేదు. ఆయన గేటు మీద రాసినవాళ్ళు, రేపు పొద్దున్నే వెళ్ళి తుడవండి."

ఎవరో కిసుక్కుమన్నారు. రకియా సారా కోసం ప్రాణం పోగొట్టుకున్నవాడని, రేపట్నుంచి ప్రతి బట్టీ దగ్గరా చెప్పుకుని నవ్వుతారు. వెలికా చెవులు మండిపోయాయి. ఆ నవ్వు ఆగేదాకా నిలబడే ఉంది.

"అయ్యిందా నవ్వుకోవడం?" అంది.

అప్పుడు జనంలోంచి లారీ మెకానిక్ గోరాన్ గొంతు లేచింది. చేతివేళ్ళకి ఇంకా ఎర్ర రంగు ఉందేమో, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"గుండె నొప్పి వచ్చినవాడు వంతు గురించి ఆలోచిస్తాడా వెలికా అత్తా? పక్కన ఎవరూ లేరా చెప్పడానికి? ఎవరున్నారక్కడ?"

"చాలమ్మా వెలికా!" వెనకనుంచి క్రుమ్ అరిచాడు. "దిగిరా! నాకిది చాలు!"

ఆ అరుపుతో అందరికీ అర్థమైపోయింది, ఎవరో ఉన్నారని. వందల తలలు క్రుమ్ వైపు తిరిగి, మళ్ళీ వేదిక వైపు తిరిగాయి.

వెలికా కొడుకు వైపు చూడలేదు. చూస్తే ఊరంతా ఆ చూపు వెంటే వస్తుందని తెలుసు.

"ఉన్నారు," అంది. "కానీ అది నా కథ కాదు. నన్నడక్కుండా నా కథ ఈయన చెప్పాడు. ఆ పని నేను ఇంకొకళ్ళకి చెయ్యను."

దెర్వెంతోవ్ వాయిద్యాల వాళ్ళకి సైగ చేశాడు. డోలు ఒక దెబ్బ మోగి ఆగిపోయింది. వాయించేవాడు కూడా ఇటే చూస్తున్నాడు.

"దోబ్రిన్! నీకు మతి పోయిందా? ఎక్కడికి?" జోర్నిత్స గొంతు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. వెలికా తిరిగి చూసేసరికి దోబ్రిన్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పసిపిల్లాడప్పుడు జ్వరమొస్తే అలాగే ఉండేవాడు.

"ఇలా ఇవ్వమ్మా. అది నా కథ," అని చెయ్యి చాపాడు.

వారమంతా ఒక్క క్షణం వెనకడుగు వెయ్యని మనిషి వెలికా. ఊరి ముందు, ఆ పెద్దమనిషి ముందు బెదరలేదు. ఇప్పుడు మాత్రం ఆవిడ వేళ్ళు మైకు చుట్టూ బిగుసుకుపోయాయి.

"ఇవ్వమ్మా," అన్నాడు మళ్ళీ.

ఆవిడ వదల్లేదు.